అసెంబ్లీ సెట్ రెడీ, షూటింగ్ వేరేచోట

జూబ్లీహిల్స్ అంటే హీరోల ఇళ్లని లోకమంతా అనుకుంటుంది. డీలిమిటేషన్ వాళ్లు మాత్రం అలా అనుకోలేదు. బంగళాలున్న కొండలో చాలా భాగాన్ని ఖైరతాబాద్ నియోజకవర్గంలో కలిపేసి, జూబ్లీహిల్స్ అనే పేరును కిందికి దించి బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డలకు తగిలించారు. పేరు హీరోది, ఫైట్లు డూపువి. 2025 నవంబర్ 11న ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది. మంత్రులు గల్లీ గల్లీ తిరిగారు, పార్టీలన్నీ ప్రాణాలొడ్డాయి. తీరా చూస్తే సగం మంది ఓటర్లు కూడా బూత్ దాకా రాలేదు. ఓపెనింగ్స్ లేవన్నమాట.

రానివాళ్లను తిట్టిపోయడం మన ఆనవాయితీ. తిట్టేముందు, ఎన్నికైన ఎమ్మెల్యేకి సభలో ఏం పని మిగిలిందో తెలుసుకోవాలి కదా. అది చెప్పగలవాళ్లు కృష్ణానగర్‌లో ఉన్నారు. పొద్దున్నే కంపెనీ వ్యాన్ కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టుల్లో ఎమ్మెల్యే వేషాలు వేసి వేసి పండిపోయినవాళ్లు దొరుకుతారు. అలాంటి ఒకాయన, టీ గ్లాసు ఊదుకుంటూ, పని వివరించాడు: "పెద్ద కష్టమేం లేదన్నా. తెల్లచొక్కా వాళ్లే ఇస్తారు. హీరో లేచేదాకా కదలొద్దంటారు. డైలాగ్ అయిపోగానే బల్ల చరచాలి. అవతలి వైపు కూర్చోబెట్టారనుకో, తల దించుకోవాలి. బిల్లా? మా సీన్లోకి బిల్లు ఎప్పుడూ రాలేదు."

ఇది సెట్‌లోని అసెంబ్లీ గురించే చెప్పాడో, లక్డీకాపూల్ దాటాక కనిపించే దాని గురించి చెప్పాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఫిలింనగర్‌కు ప్రాణసమానమైన టికెట్ రేటునే తీసుకోండి. దీనికి మూలం 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం. చట్టం చేసింది సభే. ఆ తర్వాత రేటు సంగతి జీవోలూ మెమోలే చూసుకుంటున్నాయి. మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు టికెట్ గరిష్ఠంగా 250 రూపాయలు, జీఎస్టీ అదనం అని తెలంగాణలో తేల్చింది 2021 డిసెంబర్ నాటి జీవో 120. ఏ ఎమ్మెల్యే చెయ్యెత్తి ఓటేయలేదు, ఎవరూ వేయమని అడగలేదు.

'పుష్ప 2' ప్రీమియర్ రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. 2024 డిసెంబర్ 21న ఆ విషయం సభకు వచ్చింది. తాను ఆ కుర్చీలో ఉన్నంతకాలం ప్రత్యేక షోలు, రేట్ల పెంపు ఉండవని ముఖ్యమంత్రి సభలోనే చెప్పారు. బల్లలు మోగాయి. మూడు వారాలు తిరక్కుండానే 'గేమ్ ఛేంజర్'కు రేట్లు పెంచుకోమంటూ మెమో వచ్చింది. హైకోర్టు గట్టిగా అడిగేసరికి అదీ వెనక్కి పోయింది. 2025 సెప్టెంబర్‌లో 'ఓజీ' వంతు: ప్రీమియర్ టికెట్ 800 రూపాయలు. హీరోగారు పొరుగు రాష్ట్రానికి ఉప ముఖ్యమంత్రి. మళ్లీ మెమో, మళ్లీ హైకోర్టు, సింగిల్ జడ్జి సస్పెన్షన్, డివిజన్ బెంచ్‌లో అప్పీలు. నిండు సభలో ఇచ్చిన మాటను ఒక మెమో కొట్టేసింది, మెమోను కోర్టు ఆపేసింది. ఈ కథలో సభకు మళ్లీ సీన్ పడలేదు.

ఆంధ్రలోనూ ఇదే స్క్రీన్‌ప్లే. 2021 ఏప్రిల్‌లో జీవో 35 వచ్చి, పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో అడుగు తరగతి టికెట్ 5 రూపాయలంది. టీ కన్నా సినిమా చవక. దానికి కోర్టు అడ్డుపడింది. 2022 ఫిబ్రవరి 10న పెద్ద హీరోలు, దర్శకులు తాడేపల్లికి వెళ్లి ముఖ్యమంత్రిని కలిశారు. మార్చిలో జీవో 13తో రేట్లు పెరిగాయి. వెలగపూడి అసెంబ్లీ గేటు తట్టినవాడు ఒక్కడూ లేడు. ఏ గుడిలో దేవుడు పలుకుతాడో పరిశ్రమకు తెలుసు.

మరి సభ చేతికేం మిగిలింది? టైటిల్ కార్డు. ఆ పాత భేటీలో ఎవరు ఎవరిని ఎలా పిలిచారన్నది 2025 సెప్టెంబర్‌లో అసెంబ్లీకెక్కింది. ఇప్పటి ప్రభుత్వం సినిమావాళ్లను పిలిచిన జాబితాలో తన పేరు తొమ్మిదో స్థానంలో వేశారేమిటని హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ అదే రోజు నిలదీశారు. పేర్ల వరుస మీద పేచీ ఫిలింనగర్‌కు కొత్త కాదు. కాకపోతే ఇక్కడ దాన్ని మేనేజర్లు తేలుస్తారు, అక్కడ సభ మొత్తం వినాల్సి వచ్చింది.

ఒకప్పుడు ఎమ్మెల్యే తలకాయకు విలువుండేది. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను దించేసినప్పుడు, ఆ తలకాయల్ని కాపాడటానికి రామకృష్ణా స్టూడియోలో శిబిరం పెట్టారు, తర్వాత కర్ణాటకకు తరలించారు. నెల రోజుల్లో ఎన్టీఆర్ తిరిగి కుర్చీ ఎక్కారు. మరుసటి ఏడాదే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. ఇప్పుడు ఒక బిల్లు మీద విప్‌కు ఎదురుతిరిగి ఓటేస్తే పదవికి గండం. పార్టీకి పార్టీయే మారితే మాత్రం స్పీకర్ తీరిక దొరికినప్పుడు చూస్తారు. హీరోల బంగళాలున్న ఖైరతాబాద్‌లో దానం నాగేందర్ 2023లో కారు గుర్తు మీద ఎమ్మెల్యేగా గెలిచారు, 2024లో రాజీనామా చేయకుండానే చెయ్యి గుర్తు మీద లోక్‌సభకు పోటీ చేశారు. ఇలాంటివారిపై వేసిన అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది. గడువులోగా తేలలేదు. ద్విపాత్రాభినయానికి మేకప్ మార్చుకోవాలన్న నియమం సినిమాలోనే ఉంది.

ఢిల్లీ ఇంతకన్నా మేలనుకునేరు. మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చుంది. పదిహేడోది 55 రోజులు. అయిదేళ్లూ డిప్యూటీ స్పీకరే లేడు. తెలంగాణ బిల్లు గట్టెక్కిన 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది. ఇంటర్వెల్ దాకా చూపించి క్లైమాక్స్ దాచుకున్నారు.

అయినా నాకో చిన్న కోరిక ఉంది. రేటు పెంచే ప్రతి ఉత్తర్వునూ ముందు సభ ముందు పెట్టండి. ఒక గంట చర్చ, ఒక ఓటు, అంతే. ఎవరు పెంచమన్నారో, ఎవరు వద్దన్నారో పేర్లతో సహా రికార్డుకెక్కుతుంది. ఒప్పుకోరని తెలుసు. మెమో అర్ధరాత్రి వస్తుంది, తెల్లారితే షో పడుతుంది. మన ఎమ్మెల్యేగారికి కొత్త రేటు తెలిసేది మనకు తెలిసిన చోటే, బుకింగ్ యాప్‌లో. తేడా ఒక్కటే: ఆయనకు పాస్ వస్తుంది.