మా రోజుల్లో సెల్ షాపులో నాలుగు దారులుండేవి

మా రోజుల్లో ఆదోనిలో సెల్ షాపుకు పోతే ఏది తీసుకోవాలా అని నిజంగా ఆలోచించేవాళ్లం. ఫోనును నడిపే వ్యవస్థలే రకరకాలు: నోకియాలో సింబియన్, బ్లాక్‌బెర్రీకి దాని సొంతది, శాంసంగ్‌లో బడా, ఆ తర్వాత విండోస్. ఇప్పుడు షాపు నిండా రంగురంగుల ఫోన్లే గానీ, అన్నింటి లోపలా ఉండేది ఆండ్రాయిడే. వద్దంటే ఐఫోన్. ఆ ధర మా పత్తి రైతు పెట్టగలిగేదేనా?

అప్పట్లో పోటీదారులకు కలిసి పనిచేయడమూ తెలుసు. 1998లో సయాన్, నోకియా, ఎరిక్సన్, మోటరోలా కలిసి సింబియన్ కంపెనీ పెట్టాయి. ఎవరి ఫోన్లు వాళ్లు అమ్ముకుంటూనే లోపలి వ్యవస్థను ఉమ్మడిగా పోషించారు. 2011లో నోకియా సింబియన్‌ను వదిలి మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది. 2014కల్లా ఫోన్ల వ్యాపారాన్నే దానికి అప్పగించింది. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన మన తెలుగువాడు సత్య నాదెళ్ల, ఆ కొనుగోలు వద్దన్నానని తర్వాత పుస్తకంలో రాశాడు. 2015లో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు. ఆ విండోస్ ఫోన్లు కొనేవాళ్లు తక్కువని యాప్‌లు చేసేవాళ్లు రాలేదు, యాప్‌లు లేవని కొనేవాళ్లు రాలేదు. మంచి ఫోన్లు అట్లా పోయాయి.

గూగుల్ ఆండ్రాయిడ్‌ను ఊరికే ఇచ్చింది, నిజమే. కానీ ప్లే స్టోర్ కావాలంటే తన మిగతా యాప్‌లూ పెట్టాలని ఫోన్ కంపెనీలకు షరతు పెట్టింది. ఇలాంటి షరతులకే 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆదోని యార్డులో కొనేవాళ్లు ఇద్దరే మిగిలితే పత్తి ధర ఎవరి చేతిలో ఉంటుందో మావాళ్లకు ఒకరు చెప్పాలా?

2017లో కైఓఎస్ అనే మరో వ్యవస్థతో జియోఫోన్ వచ్చింది. 1,500 రూపాయల డిపాజిట్ కడితే చాలు, ఎమ్మిగనూరులో మగ్గం మీద బతికే ఇంటికీ అందే ఫోను. మూడో దారి తెరుచుకుందని సంతోషించాం. నాలుగేళ్లకే జియో గూగుల్‌తో కలిసి ఆండ్రాయిడ్ ఫోను తెచ్చింది.

మా రోజుల్లో ఫోను చెడిపోతేనే మార్చేవాళ్లం. ఇప్పుడు నా ఫోను అద్దం పగల్లేదు, బ్యాటరీ దిగలేదు. అయినా బ్యాంకు యాప్ తెరుచుకోదు, వ్యవస్థ పాతదట! ఏ సంవత్సరం దాకా అప్‌డేట్లు ఇస్తారో ప్రతి ఫోను డబ్బా మీదా ధర పక్కనే పెద్దక్షరాల్లో అచ్చు వేయాలి. పోటీ ఉన్న రోజుల్లో నచ్చకపోతే ఇంకో దారి ఉండేది. ఇద్దరే మిగిలిన రోజుల్లో ఆ భరోసా చట్టమే ఇప్పించాలి.