శతకోటి డాలర్ల బోడిలింగం

అమెరికాలో నాలుగేళ్ళకొకసారి ఒక అవతార పురుషుడు దిగుతుంటాడు. పార్టీ అభ్యర్థిత్వం కోసం పదిమందో ఇరవైమందో ఏడాది పాటు అయోవా పల్లెలన్నీ తిరిగి, న్యూహాంప్‌షైర్ చలిలో కనబడ్డవాళ్ళందరికీ చేతులు కలిపి, డిబేట్లలో ఒకరి పరువు ఒకరు తీసుకున్నాక, సరిగ్గా అప్పుడు పెద్దమనుషులకు బెంగ పుడుతుంది. "వీళ్ళలో గెలిచే మొహం ఒక్కటీ లేదే!" అని. ఈ బెంగ ఓటర్లది కాదు. వాళ్ళు అప్పటికే ఎవరినో ఒకరిని చూసిపెట్టుకునే ఉంటారు. బెంగంతా పెద్ద చందాలిచ్చేవాళ్ళకు, కన్సల్టెంట్లకు, టీవీ విశ్లేషకులకు. ఇక రాత్రీ పగలూ ఒకటే చర్చ: ఫలానా ఆయన ఇప్పుడు దిగితే పార్టీకి లాభమా, నష్టమా?

మన దగ్గర ఈ గొడవ లేదు. నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం దాకా బి-ఫారం ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలీదు కనుక మన అభ్యర్థులంతా ఆలస్యంగా వచ్చినవాళ్ళే. పాపం, అమెరికా వాళ్ళు ఓటరునే అడిగి తేల్చుకుంటామన్నారు. అనుభవిస్తున్నారు.

2019 చివర్లో ఈ బెంగ డెమోక్రాట్లకు పట్టుకుంది. బరిలోకి అప్పటికే ఇరవైమందికి పైగా దిగారు. జో బైడెన్ మాట తడబడుతోంది. బెర్నీ శాండర్స్, ఎలిజబెత్ వారెన్ కుబేరుల మీద పన్ను వేస్తామంటున్నారు. ఈ రెండో సంగతి విన్నారో లేదో, న్యూయార్క్ మాజీ మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్‌కు దేశభక్తి పొంగుకొచ్చింది. నవంబరు 24న బరిలోకి దిగారు. మొదట ఓటేసే నాలుగు రాష్ట్రాలనూ వదిలేసి నేరుగా మార్చిలో చూసుకుంటానన్నారు. సొంత డబ్బు సుమారు వంద కోట్ల డాలర్లు, అంటే అక్షరాలా శతకోటి, గుమ్మరించారు. సూపర్ బౌల్ ఆట మధ్యలో ఒక్క నిమిషం ప్రకటనకే కోటి డాలర్ల దాకా అయింది. కార్యకర్తకు నెలకు ఆరువేల డాలర్ల జీతం, చేతికో ఐఫోన్, ఒళ్ళో లాప్‌టాప్, మూడుపూటలా భోజనం. ఆయన ఓడినా నవంబరు దాకా ఉద్యోగానికి ఢోకా లేదని మాట కూడా ఇచ్చారట. మార్చిలోనే ఇంటికి పంపేసరికి ఆ కార్యకర్తలే కోర్టుకెక్కారు.

పార్టీ మర్యాదలకేం తక్కువ చేయలేదు. డిబేట్ నిబంధనలు కాస్త సడలించండి మహాప్రభో అని కోరీ బుకర్ డిసెంబరులో అడిగితే కుదరదన్నారు. చందాదారుల సంఖ్య ఇంత ఉండాలన్న నిబంధన మాత్రం, ఎవరి దగ్గరా చందా పుచ్చుకోని బ్లూమ్‌బర్గ్‌కు అడ్డం వచ్చేసరికి ఎగిరిపోయింది. అలా ఫిబ్రవరి 19న లాస్ వేగస్‌లో వేదికెక్కారు. డిబేట్ మొదలైన కాసేపటికే వారెన్ అందుకుంది. మీ కంపెనీలో ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళ చేత నోరు విప్పబోమని రాయించుకున్నారే, ఆ ఒప్పందాల నుంచి వాళ్ళను వదిలేస్తారా అని సూటిగా అడిగింది. ఆయన నసిగారు, కళ్ళు పైకి తిప్పారు. మూడు నెలలపాటు ప్రకటనల్లో కట్టిన మేడ ఆ రెండు నిమిషాల్లో కూలింది.

మార్చి 3, ఒకేరోజు చాలా రాష్ట్రాలు ఓటేసే సూపర్ ట్యూస్‌డే. ఆయన గెలిచింది ఒకే ఒక్క చోట, పసిఫిక్ సముద్రంలోని అమెరికన్ సమోవాలో. వచ్చిన ఓట్లు 175. మర్నాడే తప్పుకుని బైడెన్‌కు జై కొట్టారు. 2024లో జేసన్ పామర్ అనే వ్యాపారి ఆ దీవుల్లో కాలైనా పెట్టకుండా జూమ్ కాల్స్‌తోనే ప్రచారం నడిపి, దేశాధ్యక్షుడిగా ఉన్న బైడెన్‌నే 51-40 ఓట్లతో ఓడించాడు. సమోవా అసలు రేటెంతో అప్పటికి గానీ తెలిసిరాలేదు.

ఇక లాభనష్టాల లెక్క. ఆఖర్న వచ్చేవాడు ఎవరిని ఆపుతానని వస్తాడో వాళ్ళ జోలికి పోలేడు. తనలాంటి వాడి ఓట్లే తింటాడు. డెమోక్రాట్ల ప్రైమరీలో 15 శాతం ఓట్లు దాటకపోతే, పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్లు దక్కరు. శాండర్స్ మనుషులు ఎండొచ్చినా వానొచ్చినా కదలరు. మధ్యేవాదుల ఓట్లనే బైడెన్, పీట్ బూటిజిజ్, ఏమీ క్లోబుషార్ పంచుకుంటుంటే, ఈయన నాలుగో విస్తరి వేయించుకున్నారు. శాండర్స్‌ను ఆపడానికని వచ్చి ఆయనకు దారి వేసిపెట్టే పని ఇది. సౌత్ కరోలినాలో బైడెన్ గెలవగానే బూటిజిజ్, క్లోబుషార్ రెండు రోజుల్లో తప్పుకున్నారు కాబట్టి సరిపోయింది. అంటే పార్టీని ఒడ్డున పడేసింది వచ్చినవాళ్ళు కాదు, పోయినవాళ్ళు.

రిపబ్లికన్లదీ ఇదే పాట. 2007 సెప్టెంబరులో తోటి అభ్యర్థులు న్యూహాంప్‌షైర్‌లో డిబేట్ చేసుకుంటుంటే, నటుడూ మాజీ సెనేటరూ అయిన ఫ్రెడ్ థాంప్సన్ అదే రాత్రి జే లెనో షోలో కూర్చుని తానూ దిగుతున్నానన్నారు. నాలుగు నెలల తర్వాత సౌత్ కరోలినాలో ఆయనకు 16 శాతం వచ్చింది. మైక్ హకబీ అక్కడ జాన్ మెకెయిన్ చేతిలో మూడు శాతం తేడాతో పోయారు. థాంప్సన్ మెకెయిన్‌కు పాత మిత్రుడు కూడాను. ఇక 2011 ఆగస్టులో దిగగానే సర్వేల్లో ముందుకెళ్ళిన రిక్ పెర్రీ, మూడు ప్రభుత్వ శాఖలు మూసేస్తానని ప్రకటించి, డిబేట్‌లో మూడోదాని పేరు మరిచిపోయారు. ఆ మూడోది ఇంధన శాఖ. 2017లో ట్రంప్ ఆయన్ను ఆ శాఖకే మంత్రిని చేశారు.

రాబర్ట్ కెన్నెడీ సంగతో అంటారా? 1968లో జుట్టూ గడ్డమూ కత్తిరించుకుని మరీ ఇంటింటికీ తిరిగిన కుర్రాళ్ళ పుణ్యమా అని యూజీన్ మెకార్తీ న్యూహాంప్‌షైర్‌లో అధ్యక్షుడు జాన్సన్‌కు ఎదురొడ్డి 42 శాతం తెచ్చుకున్నాడు. నాలుగు రోజులకు కెన్నెడీ దిగాడు. దారి తొక్కినవాడు ఒకడు, నడిచొచ్చినవాడు ఇంకొకడు. మెకార్తీ మనుషులు దాన్ని మరిచిపోలేదు. కాలిఫోర్నియా గెలిచిన రాత్రే కెన్నెడీని కాల్చేశారు కనుక ఆ లెక్క ఎటు తేలేదో ఎవరూ చెప్పలేరు. అసలైన ఆలస్యపు ఘనుడు అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ. ఏప్రిల్ చివర్లో దిగి, ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండా, పార్టీ పెద్దల దయతో షికాగో మహాసభలో అభ్యర్థి అయ్యాడు. బయట పోలీసు లాఠీలు, లోపల పట్టాభిషేకం. నవంబరులో నిక్సన్ గెలిచాడు. డెలిగేట్ల ఎంపికను ఓటరు చేతికి ఇచ్చే సంస్కరణలు ఆ అవమానం నుంచే వచ్చాయి.

ఒకే ఒక్కసారి, ఆఖర్న వచ్చినవాడు నిజం చెప్పాడు. మిన్నెసోటా కాంగ్రెస్ సభ్యుడు డీన్ ఫిలిప్స్ 2023 అక్టోబరు 27న నామినేషన్ వేసి, బైడెన్‌కు వయసైపోయింది, మనం ఓడిపోతాం అన్నాడు. సొంత పార్టీయే ద్రోహి అంది. ఫ్లోరిడాలో ఒక్క బైడెన్ పేరే పంపి అసలు ప్రైమరీయే లేకుండా చేసింది. తొమ్మిది నెలలు తిరక్కుండా, ట్రంప్‌తో బైడెన్ జూన్ డిబేట్ చూశాక, ఫిలిప్స్ అన్న మాటే పార్టీ మొత్తం అంది. జులై 21న బైడెన్ తప్పుకున్నారు. ప్రైమరీ ఓటరు ముందు నిలబడకుండానే కమలా హారిస్ అభ్యర్థి అయ్యారు. ప్రచారానికి మిగిలింది 107 రోజులు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి తరిమినవాళ్ళే అంతకంటే ఆలస్యంగా ఇంకొకరిని తెచ్చి, ఓడారు.

2028 ప్రైమరీల ముందు కూడా ఎవరో ఒక మహానుభావుడు దిగకపోడు. అప్పుడు ఎడిసన్‌లోనో డాలస్‌లోనో ఫండ్‌రైజర్ పెట్టి, పక్కన నిలబడి ఫొటో దిగాలని ఉబలాటపడే మన తెలుగు డాక్టర్లకూ ఐటీ కంపెనీల యజమానులకూ ఒక్క మనవి. ఆయన్ను మూడు ప్రశ్నలడగండి. ఎన్ని రాష్ట్రాల్లో నామినేషన్ గడువు దాటిపోయింది? మీ రాకతో చీలేది ఎవరి ఓటు? ఓడిపోతే ఏ తేదీకి తప్పుకుంటారు? మూడోదానికి తేదీ వేసి సంతకం పెట్టేదాకా చెక్కుబుక్కు బయటికి తీయకండి.