బావగారి నిర్జన సేతువు: టీకా తాత్పర్య సహితం

మూలం: "ప్రాగ్‌లో 48 గంటలు. నిర్జన సేతువు. వెలుగు వేటలో నేను."

అవతారిక. ఈ మహావాక్యాన్ని జర్మనీలో ఉద్యోగం చేసే ఒక తెలుగు ఛాయాగ్రాహకుడు చార్లెస్ వంతెన ఫోటో కింద రాసుకున్నాడు. ఆయన టీకాకారుడికి స్వయానా అక్క మొగుడు. శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా విమానాశ్రయానికి పోవడం, ఆదివారం రాత్రికి ఇల్లు చేరడం, సోమవారం పొద్దున్నే ఒక ఫోటో, దాని కింద ఇలాంటి మంత్రం. రెండేళ్లుగా ఇదే వరస. లిస్బన్ అయింది, బుడాపెస్ట్ అయింది, వెనిస్ అయింది. ఊళ్లు మారాయి గానీ "నిర్జన" మారలేదు. వెనిస్‌లో నిర్జన కాలువ, లిస్బన్‌లో నిర్జన మెట్లు.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చాడు. ఈ టీకాకారుడు అలాంటి మాటేదీ ఇవ్వడం లేదు.

ముందుగా కర్తృనామం. ఛాయను పట్టేవాడు ఛాయాగ్రాహకుడు. ఛాయ అంటే నీడ, కాంతి కూడా. సంస్కృతం ఆ సౌకర్యం ఇచ్చింది. అయితే ఈ వృత్తిలో ఆద్యురాలు సుందరకాండలోని సింహిక. సముద్రం మీదుగా ఎగిరి పోయేవాళ్ల నీడ పట్టుకుని, ఆపి, మింగడం ఆమె పని. హనుమంతుడు ఆమె నోట్లో దూరి బయటపడ్డాడు. తక్కినవాళ్ల సంగతి కావ్యం చెప్పలేదు.

"ప్రాగ్‌లో": స్పష్టం. వదిలేద్దాం.

"48 గంటలు" దగ్గర మాత్రం తాపీగా కూర్చోవాలి. గంట అంటే మోగేది. మోగే వస్తువు పేరే కాలానికీ వచ్చింది. అంతకు ముందు మన లెక్క గడియల్లో ఉండేది. అడుగున సన్నటి చిల్లున్న గిన్నెను నీళ్ల మీద వదిలితే అది నిండి మునిగేంత సేపు ఒక గడియ, అంటే ఇప్పటి లెక్కలో 24 నిమిషాలు. రోజుకు అరవై గడియలు, ఎనిమిది జాములు. గిన్నె పోయినా గడియారం అనే మాటలో గడియ ఇంకా బతికే ఉంది. ఆ లెక్కన బావగారి 48 గంటలు నూట ఇరవై గడియలు. ఇందులో ఆయన కెమెరా బయటికి తీసేది శుక్ర, శనివారాల సాయంసంధ్యల్లోనూ, శని, ఆదివారాల ప్రాతఃసంధ్యల్లోనూ. ఒక్కో సంధ్యకు గంట వేసుకున్నా నాలుగు గంటలు, అంటే పది గడియలు. తక్కిన నూట పది గడియలూ వెలుగు "హార్ష్"గా ఉంటుందట. హోటలు గదిలో కర్టెన్లు మూసి బ్యాటరీలు ఛార్జింగు పెట్టుకోవాలి.

గడియల మాట వచ్చింది కాబట్టి ప్రాగ్ గడియారం గురించి చెప్పకుండా ముందుకు పోవడం టీకాకారుడి వల్ల కాదు. పాత పురభవనం గోడకు 1410లో ఒక ఖగోళ గడియారం అమర్చారు. చేసినవాడు కడాన్ ఊరి మికులాష్. దాని బయటి వలయం మీద ఉన్నవి పాత చెక్ గంటలు. అవి సూర్యాస్తమయం నుంచి మొదలవుతాయి. పొద్దు గుంకితే 24, అక్కడి నుంచి మళ్లీ ఒకటి. మన పంచాంగం ఉదయం నుంచి గడియలు లెక్కపెడితే వాళ్లు సాయంత్రం నుంచి గంటలు లెక్కపెట్టుకున్నారు. అస్తమయం రోజూ ఒకే వేళకు జరగదు కాబట్టి ఆ వలయమే ఏడాది పొడుగునా అటూ ఇటూ జరుగుతుంటుంది. ఇందులో ఎంత సుఖముందో చూడండి! ముల్లు 21 మీద ఉందంటే చీకటి పడటానికి ఇంకా మూడు గంటలుందని అర్థం. పొలంలో ఉన్నవాడికీ, కోట తలుపు మూసేలోపు ఊరు చేరవలసినవాడికీ ఇంతకన్నా కావలసిందేముంది? అదే ఫలకం లోపలి గీతలు ఇంకో కాలాన్ని చూపిస్తాయి. అవి పగలు ఎంతున్నా దాన్ని పన్నెండు భాగాలే చేస్తాయి. కనుక అక్కడ వేసవి గంట పొడుగు, చలికాలపు గంట పొట్టి. ఒక్క ముఖం మీద ఇన్ని కాలాలు పెట్టుకున్న గడియారం కింద ప్రతి గంటకూ జనం మెడలు ఎత్తి నిలబడతారు. కిటికీల్లో అపొస్తలుల బొమ్మలు తిరుగుతాయి, అస్థిపంజరం గంట లాగుతుంది. బావగారు అటు పోలేదు. అక్కడ జనం ఉంటారు.

ముహూర్తం మీద మాత్రం ఆయనకు గురి ఉంది. వంతెనకు నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో, 9వ తేదీన, 7వ నెలలో, ఉదయం 5 గంటల 31 నిమిషాలకు పునాదిరాయి వేశాడని ప్రాగ్‌లో చెప్పుకుంటారు. వరసగా రాస్తే 135797531. ఎటు నుంచి చదివినా ఒకటే. మొన్న జూన్‌లో తాను సరిగ్గా 5:31కే మీట నొక్కానని బావగారు అన్నారు. ఇక్కడ రెండు ఆక్షేపణలు. ఒకటి, 14వ శతాబ్దపు గడియారాలకు నిమిషాల ముల్లు లేదు. ఊరి గడియారమే 53 ఏళ్ల తరవాత వచ్చింది. రెండు, జూన్‌లో ఐరోపా గడియారాలు గంట ముందుకు జరిపి ఉంటాయి. సూర్యుడి లెక్కలో బావగారు మీట నొక్కింది దాదాపు నాలుగున్నరకు. ముహూర్తం రెండున్నర గడియలు తప్పింది. చక్రవర్తి వంతెన నిలిచింది, అది వేరే సంగతి.

రెండు రోజుల్లో పరదేశం పోయి రావడం ఎలా కుదురుతుందన్నది తరవాతి ప్రశ్న. మన సారస్వతంలో దీనికి ప్రమాణం ఉంది. పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురం ప్రవరుడికి ఒక సిద్ధుడు పాదలేపం ఇచ్చాడు. కాళ్లకు పసరు పూసుకుంటే హిమాలయం. చూసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. 1993 నుంచి ఐరోపా సమాజం తన విమాన సంస్థలను సభ్య దేశాల మధ్య తమకు తోచిన మార్గంలో, తోచిన ధరకు తిరగనిచ్చింది. ఆధునిక పాదలేపం అదే. ప్రవరుడి పసరు మంచుకు కరిగిపోయింది. దారి తెలియక, మనిషి జాడ వెతుక్కుంటూ పోయి, వరూధినిని ఇంటికి దారి అడిగాడు. ఆ తరవాతే కావ్యం నడిచింది. బావగారి పసరు ఇంతవరకు ఒక్కసారి కూడా కరగలేదు. ఆదివారం విమానం ఎప్పుడూ వేళకే ఎగిరింది.

"సేతువు": వంతెన అనొచ్చు; ఫోటోకు సంస్కృతం ఎక్కువ లైకులు తెస్తుంది కాబోలు. 1342 వరదల్లో పాత వంతెన కూలితే దాని బదులు కట్టింది ఇది. పొడుగు 516 మీటర్లు. 1870 దాకా దీన్ని రాతి వంతెన అనే పిలిచేవారు. 1841 దాకా ప్రాగ్‌లో వ్లతావా నది దాటడానికి వేరే వంతెనే లేదు. సైనికులు, సంతకు పోయేవాళ్లు, పెళ్లివాళ్లు, శవాన్ని మోసేవాళ్లు అందరూ దీని మీదే నడిచారు. 1905 నుంచి 1908 దాకా దీని మీద ట్రాము కూడా తిరిగింది. ముప్ఫై విగ్రహాలున్నాయి. అన్నిటికన్నా పాతది 1683లో పెట్టిన నెపొముక్ జాన్ విగ్రహం. 1393లో రాజాజ్ఞతో నదిలోకి తోసేసిన పురోహితుడాయన. పీఠం మీది కంచు పలకలు జనం తాకి తాకి, తాకిన మేర మాత్రం బంగారంలా మెరుస్తుంటాయి. ఆ మెరుపును బావగారు దగ్గరగా తీసి "మౌనం" అని పేరు పెట్టారు. ఎన్ని వేల చేతుల మౌనమో అది!

అన్వయక్రమంలో "నిర్జన" వెనక్కి వెళ్లింది. ముందు "వెలుగు వేట" చూద్దాం. వేట అంటే జంతువు పారిపోవాలి, మనిషి తరమాలి. వెలుగు ఎక్కడికీ పారిపోదు. తెల్లారితే అందరి పెరట్లోకీ తనే వస్తుంది. ఈ మాట ఇంగ్లీషు వాళ్ల దగ్గర అరువు తెచ్చింది, ఇంకా తెలుగు నీళ్లు పడలేదు. "బ్లూ అవర్" కూడా అంతే. పొద్దు గుంకాక సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేదాకా ఉండే సంధ్య హైదరాబాదులో దాదాపు ఒక గడియే ఉంటుంది. ప్రాగ్‌లో జూన్‌లో నలభై నిమిషాలు దాటుతుంది. ఆ వేళ నడినెత్తిన కనిపించే నీలం ఓజోన్ పొర పని అని 1953లో హల్బర్ట్ అనే భౌతికశాస్త్రవేత్త లెక్క తేల్చాడు. "నా నీలం" అని బావగారు అంటారు.

ఇక "నిర్జన". జనం లేనిది. జూన్ తెల్లవారుజామున ఆ వంతెన నిర్జనంగా ఉంటుందా? ఉండదు. రాత్రి తాగి ఇళ్లకు మళ్లేవాళ్లు, పెళ్లి ఫోటోల జంటలు, ఇంకా మన బావగారిలాంటి వేటగాళ్లు ముక్కాలి పీటల వెనక బారులు తీరి ఉంటారు. మరి ఫోటోలో ఎందుకు లేరంటే, దాని వెనక ఒక నల్ల గాజు ఉంది. పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు వెలుగును వెయ్యింట ఒక వంతుకు తగ్గిస్తుంది. అప్పుడు షట్టరు అర నిమిషం తెరిచి ఉంచాలి. ఆ అర నిమిషంలో కదిలినవాడల్లా మాయం. వెలుగును వేటాడే మనిషి ముందుగా చేసే పని దాన్ని ఆపెయ్యడం.

జనం ఇలా మాయం కావడం కొత్త కాదు. 1838లో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన డగేర్ పారిస్‌లో బులెవార్డ్ దు తాంపుల్ వీధిని తీశాడు. షట్టరు నిమిషాల తరబడి తెరిచి ఉంచితే గానీ రాని రోజులు. బళ్లు, గుర్రాలు, జనం అంతా కరిగిపోయారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి ఒక్కడు మిగిలాడు, అతని కాళ్ల దగ్గర పాలిష్ చేసేవాడు మసగ్గా. జనాన్ని పట్టుకోవడం చేతకాని పరికరానికి కూడా ఒక కూలివాడి పని చిక్కింది. సెకనులో ఎనిమిది వేల వంతును పట్టగల కెమెరాను డబ్బు పోసి కొని, మరో నల్ల గాజు కొని, బావగారు 1838కి తిరిగి వెళ్లారు.

పూర్వపక్షం: ఒక్క రాత్రి చాలదా? హనుమంతుడు లంకలో ఎన్నాళ్లున్నాడు? ఇల్లిల్లూ తిరిగి చూడలేదా? సమాధానం: చూశాడు. ఒక మనిషి కోసం వెతికాడు. ఎవరూ లేని చోటు కోసం వెతకలేదు.

మరో పూర్వపక్షం: ప్రాగ్‌ను తీసిన యోసెఫ్ సుడెక్ ఫోటోల్లోనూ మనుషులు తక్కువే కదా? నిజమే, దీన్ని ఒప్పుకోక తప్పదు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న ఆయన ఆ ఒంటిచేత్తో పెద్ద కెమెరాలు మోసుకుంటూ ఊరంతా తిరిగాడు. 1959లో ప్రాగ్ పనోరమాల పుస్తకం తెచ్చాడు. తన పనిగది కిటికీ ఒక్కదాన్నే 1940 నుంచి 1954 దాకా తీశాడు. పద్నాలుగేళ్లు ఒక కిటికీ! ఆయనకు ఆదివారం విమానం లేదు.

"నేను": ఉత్తమపురుష ఏకవచనం. ఇది వ్యాకరణ దోషం. టికెట్లు రెండు. రెండో టికెట్టు అక్కది. లెన్సుల సంచి ఒళ్లో పెట్టుకుని నెపొముక్ పీఠం దగ్గర చలికి ముడుచుకు కూర్చుని, మూత అడిగితే మూత, గుడ్డ అడిగితే గుడ్డ అందించిన మనిషి. నాలుగు ఊళ్లు తిరిగినా ఒక్క ఊళ్లోనూ తీరిగ్గా కూర్చుని కాఫీ తాగలేదు. టీకాకారుడు ఫోన్ చేస్తే, "వంతెన సంగతి మీ బావగారినడగరా, నేను చీపురు సంగతి చెబుతా" అంది. తెల్లారగట్ల ఒక పెద్దాయన వంతెన ఊడ్చుకుంటూ వచ్చాడట. సంచి తియ్యమని సైగ చేశాడు. అక్క సంచి తీసి, పొట్లంలోని చేగోడీలు చాపింది. ఆయన చీపురు గోడకు ఆనించి, ఒకటి తీసుకుని, నిలబడి కరకరలాడించి, ఇంకోటి జేబులో వేసుకున్నాడు. భాష రాదు కాబట్టి ఇద్దరూ నవ్వుకున్నారు. షట్టరు అప్పుడు తెరిచే ఉంది.

తాత్పర్యం. చేగోడీ తిన్నంత సేపు ఆయన కదల్లేదు. అందుకని ఫోటోలో ఎడమవైపు కింద బూడిదరంగు మచ్చ ఒకటి పడింది. బావగారు దాన్ని దుమ్మనుకుని కంప్యూటర్‌లో తుడిచేశారు. అసలు ఫైలు అక్క ఫోనులో ఉంది.