ఎండకు దారిచ్చిన రోజులు

మా రోజుల్లో పాతికేళ్ళ కుర్రాడి నోట బీపీ అన్న మాట వినలేదు. ఇప్పుడు ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం పూట మా పొదిలిలో ఏ మందుల షాపు ముందు నిలబడ్డా సరే, హెల్మెట్టు చంకలో పెట్టుకుని కణతలు నొక్కుకుంటూ "అన్నా, తలకాయ నొప్పికి బిళ్ళ ఇవ్వు" అనే పిలకాయలే.

ఎండ అప్పుడేమీ తక్కువ కాదు. నేను పుట్టేనాటికి పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా కట్టి మమ్మల్ని అందులో కలిపారు, తర్వాత దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లాలు మార్చారు గానీ రోహిణి కార్తెను ఎవరు మార్చగలరు? రోళ్ళు పగిలే ఎండే. కాకపోతే మేం ఎండకు దారిచ్చేవాళ్ళం. వెలుగు రాకముందే మిరపచేలో దిగితే, పొద్దు నడినెత్తికొచ్చే లోపల కూలీలంతా గట్టు మీది వేపచెట్టు కిందికి చేరేవాళ్ళు. మళ్ళీ పొద్దు వాలాకే నడుం వంచడం. కల్లంలో ఎండబెట్టింది మిరపకాయల్నే, మనుషుల్ని కాదు.

పొగాకు బ్యారన్ల దగ్గర మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆకు ఈనె ఎండాలంటే లోపల 70 డిగ్రీల దాకా మంట ఎగదోయాలి, రాత్రీ పగలూ కాపలా కాయాలి. అక్కడ పనిచేసేవాడు ఉప్పేసిన గంజి ముంతెడు తాగందే పొయ్యి దగ్గరికి పోయేవాడు కాదు. ఎవరూ పాఠం చెప్పలేదు. తాగకపోతే పిక్కలు పట్టేస్తాయని వాడికి తెలుసు.

ఇప్పుడు మా తమ్ముడి మనవడి సంగతి చూడండి. ఇరవయ్యారేళ్ళు. ఏదో ఫైనాన్సు కంపెనీలో కలెక్షను పని. దర్శి రోడ్డు మీదా మర్రిపూడి రోడ్డు మీదా మిట్టమధ్యాహ్నం బండి మీద తిరగాలి. అదేమంటే, "జనం ఇంట్లో దొరికేది ఆ టైములోనే తాతా" అంటాడు. దొరక్క చస్తారా! ఆ ఎండలో బుద్ధున్నవాళ్ళంతా ఇంట్లోనే ఉంటారు మరి.

పోయిన వేసవిలో వాడికి తల పగిలిపోయేట్టు నొప్పి వచ్చింది. దారిలో ఒక ఆర్‌ఎంపీ దగ్గర దిగితే, దిగినవాణ్ణి దిగినట్టే పట్టీ చుట్టి 156/98 అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఒకటే ఏడుపులు. నేనే తీసుకెళ్ళి సర్కారు ఆసుపత్రిలో చూపించాను. డాక్టరమ్మ వాణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, ఒకసారి చూసి, కాసేపాగి మళ్ళీ చూసింది. 128/82. ఎండన పడి వచ్చిన మనిషిని ఐదు నిమిషాలైనా కుదురుగా కూర్చోనివ్వకుండా, కాఫీ, సిగరెట్టు తాగి అరగంటైనా కాకుండా చూసే అంకెకు విలువ లేదంది. ఇంకో రెండు రోజులు ఉదయం పూట చూపించుకోమంది. విడివిడి రోజుల్లో చూసినా 140/90 దాటుతుంటేనే అది రోగం లెక్కట.

ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఎండకు చర్మం దగ్గరి రక్తనాళాలు విప్పారతాయి, కాబట్టి బీపీ నిజానికి తగ్గాలి. బండి దిగగానే కళ్ళు తిరిగి కూలబడే కుర్రాళ్ళ సంగతి అదే. కానీ చెమటతో నీళ్ళూ ఉప్పూ పోయి తిరిగి పడకపోతే, ఉన్న నీటితోనే నెట్టుకురావడానికి ఒళ్ళు నాళాల్ని బిగిస్తుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది. దానికి తలనొప్పి బాధ తోడు, నిద్రలేమి తోడు. పైగా మావాడు పొద్దుట్నుంచి తాగింది నీళ్ళు కాదు, రెండు డబ్బాల ఎనర్జీ డ్రింకు. అంకె ఎగబాకక ఏం చేస్తుంది? అది చాలదన్నట్టు జేబులో డైక్లోఫినాక్ బిళ్ళలు. ఒంట్లో నీళ్ళు లేనప్పుడు అవి మూత్రపిండాలకు చేటు, బీపీని కూడా పెంచుతాయని ఆవిడ గట్టిగా కోప్పడితే నాకు కడుపు చల్లబడింది. నేను చెబితే ముసలాడి నస అంటాడుగా.

మజ్జిగ తాగరా అంటే మొహం చిట్లించి, ఓఆర్‌ఎస్ అని రాసున్న తియ్యటి పండ్లరసం డబ్బా చూపించేవాడు. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, ఇంకా పొటాషియం, సిట్రేటు ఉండాలి. ఆ పేరు పెట్టుకుని చక్కెర నీళ్ళు అమ్ముతున్నారని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఇక మజ్జిగ విషయానికొస్తే, నాలాంటి బీపీ బిళ్ళలు మింగేవాళ్ళు అందులో ఉప్పు చూసి వేసుకోవాలి. కుర్రాడికేం, చెమట కార్చేవాడు, చిటికెడు వేసుకోవచ్చు.

రాత్రుళ్ళ గురించి చెప్పాలి. మా పెంకుటింటి ముందు నులకమంచం వేస్తే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్ళం. ఇప్పుడు అందరివీ స్లాబులే. పగలంతా తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతుంటాయి. కరెంటు పోతే ఇంక చెప్పేదేముంది, తెల్లార్లూ సెల్లు వెలుగులో పొర్లడమే. నిద్ర లేని ఒంటికి పొద్దున్నే బీపీ దిగమంటే ఎక్కడ దిగుతుంది?

మరి మీ కాలంలో అంతా పచ్చగా ఉందా తాతా అంటాడు. లేదు. కొలిచే మిషనే లేదు, ఎవడి బీపీ ఎంతో ఎవడికి తెలుసు? చేలో పడిపోతే గాలి సోకిందన్నారు, కాలూ చెయ్యీ పడిపోతే ఖర్మ అన్నారు. దేశమంతా తిరిగి 2019-21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్ర పెద్దవాళ్ళలో నలుగురికి ఒకరు ఎక్కువ బీపీ ఉన్నవాళ్ళేనని తేలింది. వాళ్ళ తాతలకు లేదని ఎలా అంటాను? 2015 మే నెలలో మిషన్లూ ఉన్నాయి, 108 బండ్లూ ఉన్నాయి. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు పదిహేడు వందల మందికి పైగా పోయారు, ఆంధ్రలో ఎక్కువ మంది అప్పటి మా ప్రకాశంలోనే. చాలామంది ఎండన పనికి పోక తప్పనివాళ్ళూ, నా వయసు ముసలాళ్ళూ. మనిషి మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది తలనొప్పి కాదు. నీడకు లాగి, తడిబట్టలు చుట్టి, 108కి ఫోను కొట్టాలి. బిళ్ళ కోసం షాపుకు పరిగెత్తకూడదు.

ఇప్పటికీ బుద్ధి మిగిలిన చోట్లు లేకపోలేదు. వేసవి రాగానే బడులు ఒంటిపూట చేస్తారు. ఉపాధి పనికెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే దిగి, ఎండ ముదిరే వేళకు ఇళ్ళకొచ్చేస్తారు. గుమాస్తా ఉద్యోగాలకూ, సరుకు మోసే కుర్రాళ్ళకూ, ఈ కలెక్షన్ల వాళ్ళకూ ఆ పద్ధతి ఎందుకు పెట్టరని నా గొణుగుడు. ఉదయం ఆరు నుంచి పది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది తిరగమంటే అప్పు ఎగ్గొడతారా? మావాడు ఆ మాటే పైవాడితో అంటే, టార్గెట్టు అయ్యాక నీ ఇష్టమొచ్చినప్పుడు తిరుగు అన్నాట్ట. ఆయనగారు వచ్చే నెల మా ఇంటికి భోజనానికి వస్తాట్ట. రమ్మనండి. మిట్టమధ్యాహ్నం, కారులో కాదు, మావాడి బండి వెనక కూర్చుని రమ్మనండి. మజ్జిగ నేను పోస్తా.