గరిత మెచ్చు: ఒక ఉర్లగడ్డ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలము

ఉర్లగడ్డ కోసి యుదకాన నానిచ్చి
నూనె తెల్లగడ్డ నుప్పు రాచి
కొలిమి వంటి పెట్టె కుక్షిలో నెర్రగా
గాల్చి నిమ్మ పిండి గరిత మెచ్చు.

అవతారిక

ఈ ఆటవెలది నంద్యాలలో మా ఇంటి ఫ్రిజ్ తలుపు మీద, మహానందిలో కొన్న నంది అయస్కాంతం కింద దొరికింది. తాళపత్రం కాదు, కిరాణా బిల్లు వెనకవైపు. దస్తూరి నాదే. అయినా కవిని నేనే అని చెప్పుకుంటే వ్యాఖ్యానానికి గౌరవం దక్కదు కనుక అజ్ఞాతకవి అనే వ్యవహరిస్తాను.

విషయం: గ్రీకు పద్ధతిలో ఓవెన్‌లో కాల్చిన ఉర్లగడ్డ ముక్కలు. గ్రీకు అన్న మాట పద్యంలో ఎక్కడా లేదే అని శంక. అధ్యాహారం చేసుకోవాలని సమాధానం. మూలంలో లేనిది రాయనని మల్లినాథ సూరి ప్రతిజ్ఞ చేశాడు గదా అని మళ్ళీ శంక. ఆయన వ్యాఖ్య రాసింది కాళిదాసుకు, ఉర్లగడ్డకు కాదు. పైగా ఉర్లగడ్డ మూలమే కాదు. వేరు కాదది, నేల కింద బలిసిన కాండం. దాని మీది కండ్లన్నీ మొలకెత్తే కణుపులు. కాబట్టి ఇక్కడ మూలాతిక్రమణ దోషం లేదు.

ఉర్లగడ్డ

పాఠాంతరాలు మూడు. "ఆలుగడ్డ" అని హైదరాబాదు పాఠం. గణాలు సరిపోతాయి గానీ ఆ-కారానికి "యుదకాన"లోని ఉ-కారంతో యతి కుదరదు, పరిహరించాలి. "బంగాళాదుంప" అని కోస్తా పాఠం. అది ఆటవెలది మొదటి గణంలో ఇమడదు, రెండో గణంలోకి కాళ్ళు చాపుతుంది. మూడోది "ఆళ్ళగడ్డ". ఇది మా అత్తగారింటి పాఠం. బిల్లు మీద నూనె మరక పడి అక్షరం అలికిపోతే మా బావమరది అట్లా చదివి, "మా ఊరిని కోస్తావా బావా?" అన్నాడు. ఊరిని ఎవరు కోస్తారు? ఆళ్ళగడ్డలో కోసేది రాయి.

ఈ మూడో పాఠాన్ని తోసేశాను గానీ దానివల్ల మేలే జరిగింది. ఆళ్ళగడ్డ శిల్పశాలల దగ్గర నిలబడి చూస్తే, శిల్పి దేవుడి ముక్కు దగ్గర మొదలుపెట్టడు. ముందు రాయిని దిమ్మెగా చదును చేసుకుని కొలతలు గీసుకుంటాడు. ఉర్లగడ్డకూ అదే శాస్త్రం. ఒక పక్క పలచగా చెక్కి, ఆ చదును మీద బోర్లించి, వేలు మందాన అన్నీ ఒకే తీరుగా కోయాలి. ఒకటి లావు, ఒకటి సన్నం అయితే సన్నది బొగ్గయ్యేసరికి లావుది పచ్చిగానే ఉంటుంది.

ఇక ఈ గడ్డ మనది కాదనేవారికి. నిజమే, నంద్యాలలో 1906 నుంచీ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. పత్తి, జొన్న, శనగ, వరి మీద అక్కడ ఎంతో పని జరిగింది. ఉర్లగడ్డకు మాత్రం ఈ వేడి పడదు. రాత్రిళ్ళు 20 డిగ్రీల లోపు చల్లబడితే గానీ గడ్డ సరిగా ఊరదు. రాష్ట్రంలో అది కాస్త పండేది పలమనేరు ఎత్తుల వైపు. మరి గ్రీకులదా? హోమరూ ఎరగడు, అరిస్టాటిలూ ఎరగడు. ఆధునిక గ్రీసు తొలి పాలకుడు కపోదిస్త్రియాస్ 1828 ప్రాంతంలో దాన్ని జనానికి అలవాటు చేయబోతే ఎవరూ ముట్టలేదట. అప్పుడు గడ్డల కుప్ప చుట్టూ కాపలా పెట్టించాడట. ఇంత కాపలా ఉందంటే లోపల ఏదో విలువైనదే ఉందనుకుని జనం రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారట, కాపలావాళ్ళేమో చూసీ చూడనట్టు ఊరుకున్నారట. ఇది ఐతిహ్యం, ప్రమాణం కాదు. అయినా నాకు ఇష్టం. మా ఇంట్లో వేడి ట్రే మీద పళ్ళెం మూతపెట్టి "ఎవరూ ముట్టుకోవద్దు" అంటే జరిగేదీ అదే.

ఉదకాన నానిచ్చి

ఉదకము అనగా నీళ్ళు. యతి కోసం వచ్చిన ఉదకమే గానీ వేరే విశేషం లేదు. చల్లటి నీళ్ళలో అరగంట ఉంచితే ముక్కల పైనున్న గంజి దిగి నీళ్ళు పాలలాగా అవుతాయి. ఆ నీళ్ళు పారబోయాలి.

ఇక్కడ కవి చెప్పకుండా దాటేసిన మాట ఒకటుంది. పద్యమంతటికీ ప్రాణం అదే: తుడిచి. నీటి నుంచి నేరుగా నూనెలోకి దూకాడు కవి. తడి ముక్క ఓవెన్‌లో కాలదు, ఉడుకుతుంది. అందులో ఉన్న వేడంతా ముందు నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, పైచర్మం గట్టిపడే సమయానికి లోపల గుజ్జయిపోతుంది. మొదటిసారి నేను పద్యాన్ని అక్షరాలా పాటించాను. వచ్చింది ఉర్లగడ్డ ఉప్మా. అప్పటినుంచి పాత నూలు పంచె ఒకటి దీనికే కేటాయించాను. ముక్కల్ని దాని మీద పరిచి, అద్ది, పది నిమిషాలు ఫ్యాను కింద వదలాలి. "నానిచ్చి" అన్న మాటలోనే ఆరబెట్టడం ఇమిడి ఉందని కొందరు వాదిస్తారు. వాళ్ళెప్పుడూ వంటింట్లోకి పోయి ఉండరు.

నూనె

గ్రీకులకు ఆలివ్ నూనె. మనకు బుడ్డల నూనె, అంటే వేరుశనగ నూనె. ఇది తక్కువ సరుకు అనుకోనక్కరలేదు. ఆలివ్ పుట్టింది మధ్యధరా తీరాన. ఉర్లగడ్డదీ బుడ్డదీ మాత్రం ఒకే పుట్టిల్లు, దక్షిణ అమెరికా. సముద్రాలు దాటి ఎటెటో పోయిన ఇద్దరు తోబుట్టువులు నంద్యాలలో ఒక ట్రే మీద కలుసుకున్నట్టు లెక్క. కిలో ముక్కలకు మూడు నాలుగు చెంచాలు చాలు.

తెల్లగడ్డ నుప్పు

తెల్లగడ్డను, ఉప్పు అని విడదీసుకోవాలి. సంధి తెలియనివాళ్ళు "నుప్పు" కోసం అంగడికి పోతారు. ఇక్కడ కవి చిక్కులో పడ్డాడు. తరిగిన తెల్లగడ్డ ఓవెన్ వేడికి పావుగంటలో మాడి చేదెక్కుతుంది. మరి మొదట్లోనే ఎట్లా వేయమన్నాడు? కవిని కాపాడటం వ్యాఖ్యాత విధి. వేయమనలేదు, "రాచి" అన్నాడు. దంచిన తెల్లగడ్డను నూనెలో కాసేపు నానబెట్టి, పిప్పి తీసేసి, ఆ వాసన పట్టిన నూనెనే ముక్కలకు రాయాలని భావం. తీసిన పిప్పిని ఆఖరి ఐదు నిమిషాల్లో చల్లుకోవచ్చు. కవి ఇంత ఆలోచించాడని నేను నమ్మను, కానీ అర్థం కుదిరింది.

కొలిమి వంటి పెట్టె

ఓవెన్. ఉపమాలంకారం. ఉపమేయం 220 డిగ్రీలకు చేరాలి. నంద్యాల మేనెల 44, 45 పలుకుతుంది. ఆ లెక్కన ఇది అయిదు మేనెలల పెట్టు. పదిహేను నిమిషాలు ముందే వేడెక్కించి, ముక్కల్ని ఒకదానికొకటి తగలకుండా పరిచి, నలభై నిమిషాలు ఉంచాలి. సగంలో ఒకసారి తిప్పాలి. 1500 వాట్ల పెట్టె అయితే మొత్తం ఒక యూనిట్ కరెంటు, కొంచెం అటూ ఇటూ. ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోతే ఏమి చేయాలో శాస్త్రం చెప్పలేదు. మేము తలుపు తీయకుండా కూర్చుంటాం.

నెర్రగా

తెలుగులో ఎరుపు చాలా ఉదారమైన రంగు. దోసె ఎర్రగా కాలుతుంది, పాలు ఎర్రగా కాగుతాయి, ఏదీ కుంకుమలాగా ఉండదు. ఇక్కడ బంగారు రంగు అనే చెప్పుకోవాలి. శీతల గిడ్డంగిలో, ఇంటి ఫ్రిజ్‌లో ఎక్కువ రోజులున్న గడ్డలో గంజి చక్కెరగా మారుతుంది. అలాంటిది లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. అతి నలుపు ఒంటికీ మంచిది కాదు. మాడిన గంజి పదార్థాల్లో అక్రిలమైడ్ ఉంటుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అందుకే గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. పద్యాన్ని ఫ్రిజ్ మీద పెట్టవచ్చు.

నిమ్మ పిండి

ఇది పిండివంటల పిండి కాదు, క్రియ. కాల్చిన తరువాతే పిండాలి, కవి క్రమం ఇక్కడ నిర్దుష్టం. పులుపు ముందే తగిలితే ముక్క లోపల మెత్తబడటానికి మొరాయిస్తుంది. గ్రీసులో నిమ్మరసం పోసి ఓవెన్‌లోనే వండే మెత్తటి ఉర్లగడ్డ కూర వేరే ఉంది, దాని ప్రసక్తి ఇక్కడ లేదు.

అనుక్తములు రెండు. ఒకటి ఒరెగానో. పిజ్జాతో వచ్చిన పొట్లాలు ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బాలో పడి ఉంటాయి, వాటికి ఇన్నాళ్ళకు మోక్షం. అవి లేకపోతే కుండీలో వామాకు ఉంది. ఒరెగానోకు ఆ ఘాటునిచ్చే కార్వక్రాల్ వామాకులోనూ ఉంటుంది. ఎండబెట్టి నలిపి చల్లాలి. రెండోది ఫెటా. నిఘంటువు చూసి దీన్ని "జున్ను" అనకూడదు. జున్ను వేరు, ఈనిన బర్రె తొలిపాలది. ఫెటా అంటే గొర్రెపాలలో మేకపాలు 30 శాతం మించకుండా కలిపి చేసి, ఉప్పునీళ్ళలో మాగబెట్టింది. 2002 నుంచీ యూరప్‌లో ఆ పేరు గ్రీసుకే సొంతం, మనకు ఆళ్ళగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టు. కాబట్టి ఉప్పునీళ్ళలో రాత్రంతా ఊరిన పనీరును నేను పనీరనే రాస్తున్నాను.

గరిత మెచ్చు

గరిత అనగా ఇల్లాలు. ఆమె మెచ్చుతుంది. అర్థం తేలికే, అన్వయమే కష్టం. కోసి, నానిచ్చి, రాచి, కాల్చి, పిండి, ఈ క్త్వార్థకాలన్నిటికీ సమాపక క్రియ "మెచ్చు" ఒక్కటే. వ్యాకరణం ప్రకారం ఇన్ని పనులకూ కర్త ఒకరే కావాలి. మెచ్చేది గరిత. కాబట్టి కోసింది, తుడిచింది, కాల్చింది కూడా గరితే! కవి ఉద్దేశం మాత్రం తాను వండితే ఆమె మెచ్చిందని. భిన్నకర్తృక దోషం.

దీనికి నేను రెండు రోజులు సమాధానం వెతికాను. "మెచ్చ" అని దిద్ది, పైన "భర్త" అని అధ్యాహారం చేద్దామనుకున్నాను. చివరికి ఈ వ్యాఖ్య చిత్తుప్రతిని గరితకే చూపించాను. ఆమె ఆళ్ళగడ్డ ఆడపడుచు, తెలుగు పంతులు కూతురు. పద్యం రెండుసార్లు చదివింది. గడ్డలు తెచ్చింది ఎవరో, పంచె ఉతికింది ఎవరో, మాడిన తెల్లగడ్డను మొదటిసారి ఏరి తీసింది ఎవరో గుర్తుచేసింది.

"వ్యాకరణం సరిగ్గానే ఉంది, దిద్దొద్దు" అనింది. తరువాత అడుగంటిన ట్రేను నా ముందు పెట్టి, "ఇది కడగడం పద్యంలో లేదు గదా. దీనికి కర్త మీరే."