పెదనాన్న ‘ఇతరులు’ కింద వస్తాడు

మా కంపెనీలో ఏ మీటింగయినా ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న మాటతోనే మొదలవుతుంది. ఆ కుటుంబంలో ఎవరెవరున్నారో మొన్న మా పెదనాన్న పోయినప్పుడు గానీ నాకు తెలియలేదు. తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు. సెలవు పోర్టల్లో ‘మరణించిన వారితో సంబంధం’ అన్న గడి నొక్కితే కిందికి జారిన పట్టీలో ఇంతమందే. అడుగున ‘ఇతరులు’ అని ఉంది. అది నొక్కగానే ఎర్ర అక్షరాలు: మీరు ఈ సెలవుకు అర్హులు కారు.

నాన్న పోయాక నన్ను చదివించింది పెదనాన్నే. పిల్లల్లేరు. తలకొరివి పెట్టింది నేనే. ఈ ముక్క ఫోన్లో చెబితే హెచ్చార్ అమ్మాయి, పాపం మర్యాదగానే, “సో సారీ సర్. అంటే అంకులే కదా?” అంది. అంకులే. పక్క ఫ్లాటాయనా అంకులే, లిఫ్టు బాగుచేసేవాడూ అంకులే. ఆ మాటలోనే నాన్న ఉన్నాడు తల్లీ, అదీ పెద్ద నాన్న అని చెబుదామనుకున్నా. పోర్టల్‌కి తెలుగు రాదు.

మేనేజర్ దయతలచి “ఫాదర్ అని పెట్టెయ్, ఎవరు చూస్తారు?” అన్నాడు. రికార్డుల్లో నాన్న ఎప్పుడో పోయాడు, రెండోసారి చంపలేనన్నా. ఒక్కొక్కడి తాత నాలుగేసి సార్లు పోతాడని ఆఫీసుల్లో జోకులేసుకుంటాం గదా, ఆ తాతల్ని చంపుతున్నది ఈ పట్టీయే.

సరే, అర్హుణ్ణే అనుకుందాం. ఎన్నాళ్లిస్తారు? మూడు రోజులు. వరసగా, శనాదివారాలు కలుపుకుని. మన ఇళ్లలో పోయినవాళ్లు అంత తొందరగా పోరు. మూడో రోజు అస్థి సంచయనం, పదో రోజు ధర్మోదకాలు, పన్నెండో రోజు సపిండీకరణం, ఆపైన మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. కంపెనీ లెక్కలో మాత్రం మూడో రోజు సాయంత్రానికి టికెట్ క్లోజ్. అంచేత పోదలచుకున్న పెద్దలకు నాదో మనవి: శుక్రవారం రాత్రి పోకండి, రెండు రోజులు వీకెండే మింగేస్తుంది. సోమవారం తెల్లవారుజాము శ్రేష్ఠం. క్వార్టర్ ఎండింగ్‌లో ఎంత నొప్పయినా ఓర్చుకోండి.

రుజువు సంగతి మరీ అందం. మరణ ధ్రువపత్రం మూడు రోజుల్లో అప్‌లోడ్ చేయాలట. చావు కబురు చెప్పడానికి జనన మరణాల నమోదు చట్టం 1969 కింద సర్కారే 21 రోజుల గడువిస్తుంది. ఆ తర్వాత పంచాయతీ కార్యదర్శి కూర్చున్నచోట దొరకాలి. సర్కారుకు లేని తొందర కుటుంబానికి!

ప్రైవేటు ఉద్యోగికి అయినవాళ్లు పోతే ఇన్నాళ్లు సెలవివ్వాలని చెప్పే కేంద్ర చట్టం మనకు లేదు. అంతా యజమాని దయ. ఆ దయ ఎక్కణ్ణుంచి పుడుతుందో ఫేస్‌బుక్‌ని చూస్తే తెలుస్తుంది. అప్పట్లో అక్కడ పెద్ద అధికారిణిగా ఉన్న షెరిల్ శాండ్‌బర్గ్ భర్త 2015లో హఠాత్తుగా పోయాడు. 2017లో ఆవిడ సొంతవాళ్లు పోతే 20 రోజులు, దూరపు చుట్టాలకైతే 10 రోజుల దాకా జీతంతో సెలవని ప్రకటించింది. మంచి పనే, కాదనను. అయితే చావు లిఫ్టెక్కి పై అంతస్తు దాకా వెళ్తే గానీ పాలసీ కదలదన్నమాట. మా పైవాళ్లూ, వాళ్ల వాళ్లూ నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. నేనేమీ కోరుకోవడం లేదు.

ఉన్న క్యాజువల్ లీవులు ఊడ్చిపెట్టి పదో రోజుకు గోదావరి రేవుకు చేరాను. గుండు చేయించుకుని, పిండం పెట్టి, దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చింది, చుట్టూ తిరిగింది, ముట్టదు. “ఏదో కోరిక మిగిలిందయ్యా, అడగండి” అన్నారు శాస్త్రిగారు. మా పెద్దమ్మ దణ్ణం పెడుతూ ఒక్కొక్కటే చెబుతోంది: పాడి ఆవును అమ్మనంది, మామిడిచెట్టు కొట్టించనంది. నా మొలలో ఫోను గురగురలాడుతోంది. దర్భ ఉంగరమున్న వేలితోనే తీసి చూశా. ‘రెండు నిమిషాలు కాల్‌లోకి రాగలవా?’ రాలేనని టైపు కొట్టి తలెత్తేసరికి అందరూ దణ్ణాలు పెడుతున్నారు. కాకి ముట్టి వెళ్లిపోయిందట.

పదమూడో రోజు కెమెరా ఆన్ చేశా. బెంగుళూరు టీంలో ఒకాయన నా తల చూసి, “ఓహో తిరుపతా! లడ్డూ ఏదండీ?” అన్నాడు.