దమ్ముంటే మా చాయ్‌ని బ్యాన్ చేయండి

‘మ్యాడ్ స్క్వేర్’కి సమీక్షకులు పెదవి విరిచారని నిర్మాత నాగవంశీ గారికి కోపమొచ్చింది కదా, దమ్ముంటే నా సినిమాల్ని బ్యాన్ చేయండన్నారు కదా. ఆ వీడియో యాకుత్‌పురా స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్ దాకా వచ్చింది. గల్లా మీద కూర్చున్న సేఠ్ రెండుసార్లు చూశాడు. సాయంత్రానికి గోడకి బోర్డెక్కింది: ‘మా చాయ్ సరదాకి. పాలెక్కడ, డికాషనెక్కడ అని లాజిక్ వెతకొద్దు.’

మొదటి దెబ్బ ఆటోవాలాకి తగిలింది. “సేఠ్, ఫస్టాఫ్ కప్పు బానే ఉంది, సెకండాఫ్ చల్లారింది” అన్నాడు పాపం.

“మా కప్పే లేకపోతే నీ నాలుకకి పనేంది మియా? మా మీద బతుకుతూ మాకే పేర్లు పెడతావా?”

ఆటోవాలా నాలుక కరుచుకున్నాడు. ఇంకో పెద్దమనిషి సాసర్‌లో ఈగ చూపించాడు. ఈగ 2012లోనే సూపర్ హిట్టు, కూర్చోమన్నాడు సేఠ్.

ఇంతలో ఎవరో కుర్రాడు ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తిని ‘జబర్దస్త్’ అన్నాడు. పది నిమిషాల్లో ఆ మాట షటర్ మీదికెక్కింది, పక్కన నాలుగు చుక్కలతో. ఆ నాలుకా సేఠ్ కప్పు మీదే బతుకుతోందని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. రాత్రి సేఠ్ గల్లా లెక్క చూసుకుని, “ఇంతమంది తాగారంటే చాయ్ బాగున్నట్టేగా!” అన్నాడు. తాగినవాళ్లు డబ్బులిచ్చింది తాగకముందే. టోకెన్ సిస్టం.

సమీక్షలు రాసే మేమూ తక్కువవాళ్లం కాదు లెండి. శుక్రవారం పొద్దున ఇంటర్వెల్‌కే తీర్పు రాసేసి, రెండున్నరా రెండుముప్పావా అని తూకం వేసే బంగారు కొట్లు మావి.

కానీ ‘కామెడీయే కదా, వదిలెయ్యండి’ అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. నవ్వించడం అంత చవకా? ఒకప్పుడు ‘ది అంగ్రేజ్’ సినిమా ఇదే పాతబస్తీ దక్కనీలో, ఒక్క స్టార్ లేకుండా వచ్చింది. ఇన్నేళ్లయినా అందులోని సలీం ఫేకూ, ఇస్మాయిల్ భాయ్ మాటలు ఈ గల్లీల్లో తిరుగుతూనే ఉన్నాయి. పని తెలిసినవాడు నవ్విస్తే అలా నిలబడుతుంది. పెళ్లాం పిల్లల్తో వెళ్లి రోజు కిరాయంతా టికెట్లకి పోసినవాడు, నవ్వు రాకపోతే రాలేదని కూడా అనకూడదా? వాడి డబ్బు కావాలి, వాడి మొహం మీది నవ్వు పోస్టర్‌కి కావాలి, నోరు మాత్రం వద్దు! ఇది ఏ ఊరి వ్యాపారం?

నిన్న ఆటోవాలా హోటల్ ముందు ఆగాడు. సేఠే పలకరించాడు, “క్యా మియా, చాయ్?”

“నక్కో.”

బండి తలాబ్‌కట్ట వైపు తిప్పాడు.